మేత, కత్తి, చీజ్: ఒక వంటల రచయిత్రి ప్రాజెక్టు డైరీ

వంటల కాలమ్‌కు వచ్చే ఉత్తరాల్లో రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. "మీరు చెప్పినట్టే చేశాం, మటన్ గట్టిగానే ఉంది, ఎందుకు?" "ఇంట్లో చేసిన చీజ్ రబ్బరులా సాగుతోంది, ఎందుకు?" వీటికి వంటింట్లో జవాబు దొరకదు. అందుకే పాడి, మాంసం కొట్టు, చీజ్ ఈ మూడూ ఒకే వరసలో చేత్తో నేర్చుకోవాలని ఈ పని పెట్టుకున్నాను.

చోటు తెనాలి పక్క పల్లె. వేసవిలో మండుటెండ, మిగతా నెలల్లో ఉక్క. చీజ్ మీద దొరికే పద్ధతులు చాలావరకు చల్లటి దేశాల్లో, ఆవు పాలతో చేసి రాసినవి. మన గేదె పాలకి, మన వేడికి ఏం మార్చాలి, ఎందుకు మార్చాలి అన్నదే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. ఎవరైనా మొదలుపెడితే నేరుగా మూడో దశకు వెళ్లకుండా మొదటి దశ చదవండి. మూడో దశలో పాడైన పాలలో ఒక వాటాకి కారణం పాకలోనే ఉంది.

మొదటి దశ: మేత, పాలు

మా వీధి చివర పాడి ఉన్న ఇంట్లో రెండు గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతితో సంకరం చేసిన) గేదెల పాలు నాకిచ్చేలా మాట్లాడుకున్నాను. పాలు పితికే వేళకు నేనూ పాకలో ఉండాలన్నది ఒప్పందం. పేడ తీయడం, మేత వేయడం, తౌడు కలపడం నా వంతు.

గేదె పాలలో వెన్న మామూలుగా 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. ఊళ్లో పాల కేంద్రంలో కొలిపిస్తే మొదటి చీటీల్లో 6.1 దాటలేదు. ముందు మేత చూశాను. వరిగడ్డి, తౌడు, పత్తి చెక్క, కోతలయ్యాక మాగాణిలో పెరిగిన పిల్లిపెసర. లోటేమీ లేదు. గడ్డి పీచు బాగానే అందుతోంది కాబట్టి వెన్న తగ్గడానికి మేత కారణం కాదు.

కారణం పితకడంలో ఉంది. ముందు దూడను వదిలి గేదెను చేపిస్తారు. దూడను పక్కకు లాగి పాలు తీసుకుంటారు. ఆఖర్న మళ్లీ దూడను వదులుతారు. పొదుగులోంచి వచ్చే మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. చిక్కటి పాలన్నీ దూడ పొట్టలోకి పోతున్నాయి.

"ఆఖరి పాలు దాని వాటా అమ్మాయ్. దాని నోటి దగ్గర కూడు లాక్కుంటామా?" అంది ఆ ఇంటి పిన్ని. ఆవిడ మాట న్యాయమైనది. దూడ కడుపు కొట్టి చేసే చీజ్ నాకూ వద్దు. ఇద్దరం మాట్లాడుకుని ఒక చన్ను పూర్తిగా దూడకే వదిలేసి, మిగతా మూడూ చివరి ధార దాకా పిండాం. దూడకు మొదటి పాలూ అందాయి, చిక్కటి పాలూ అందాయి. చీటీ మీద వెన్న 7.3కి వచ్చింది. మేతలో ఏమీ మార్చలేదు.

పాలు తీసుకునేటప్పుడు ఇప్పుడు పాటిస్తున్న వరస:

1. ఈని వారం దాటని గేదె పాలు తీసుకోను. ముర్రుపాలు కలిస్తే చీజ్ గడ్డ సరిగా కట్టదు.
2. స్టీలు క్యానులోకి పలచటి గుడ్డ వేసి వడకడతాను. ప్లాస్టిక్ బిందె వాడను, గీతల్లో వాసన ఉండిపోతుంది.
3. పీహెచ్, అంటే పులుపును చెప్పే అంకె, చూస్తాను. 6.6 నుంచి 6.8 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే అప్పటికే పులవడం మొదలైందని అర్థం.
4. గంటలోపు పని మొదలుపెట్టలేకపోతే క్యానును ఐసు నీళ్లలో పెడతాను.
5. "గేదెకు ఈ మధ్య ఇంజక్షన్ గానీ, చన్నులోకి ట్యూబు గానీ వేశారా?" అని రోజూ అడుగుతాను. ఎందుకో మూడో దశలో రాశాను.

లాక్టోమీటరు కొన్నాను గానీ దానితో ఒరిగింది తక్కువ. అది నీళ్లు కలిశాయేమో చెబుతుంది, వెన్న ఎంతో చెప్పదు. పైగా వెన్న ఎక్కువున్న పాలలో పలచగా ఉన్నట్టు చూపిస్తుంది. డబ్బు చూసుకునేవాళ్లు అది వదిలేసి మంచి పీహెచ్ మీటరు కొనుక్కోండి.

ఇప్పటిదాకా ఖర్చు: పాల క్యాను 1,500, డిజిటల్ థర్మామీటరు 450, పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే ద్రావణాలు 4,200, లాక్టోమీటరు 250. మొత్తం 6,400 రూపాయలు.

రెండో దశ: కత్తి

ఊళ్లో మాంసం కొట్టు భాయ్ దగ్గర ఆదివారాలు కాకుండా మామూలు రోజుల్లో నేర్పమని అడిగాను. ఆదివారం ఆయనకు ఊపిరాడదు. మొదట నాకు కత్తి ఇవ్వలేదు. చింత మొద్దును ఉప్పుతో రుద్ది, గీకి, ఎండబెట్టే పని ఇచ్చారు. మొద్దు తడిగా ఉంటే మాంసానికి వాసన పట్టేస్తుంది, కత్తి జారుతుంది. ఆ పని ఎందుకో రెండోసారి చెప్పించుకోనక్కర్లేకపోయింది.

తర్వాత కీలు పట్టడం. భాయ్ కత్తిని కిందపెట్టి, ఎడమ చేత్తో పొట్టేలు ముందుకాలు పట్టుకుని మెల్లగా ఆడించి, బొటనవేలితో నొక్కి చూశారు. కాలు ఆడుతుంటే లోపల ఒకచోట సన్నటి సందు తగులుతుంది. కత్తి మొన ఆ సందులోకి పెట్టి మణికట్టు తిప్పితే జబ్బ విడివడి చేతిలోకి వచ్చింది. "కొట్టకమ్మా, అడుగు. ఎక్కడ కొయ్యాలో అదే చెబుతుంది" అన్నారు. ఎముక మీద కత్తితో కొడితే వచ్చే పెచ్చులు కూరలో పంటికి తగులుతాయి. బిర్యానీకి తెచ్చుకున్న మాంసంలో పెచ్చులుంటే అది తొందర్లో కొట్టిన మాంసం.

సొంత లెక్క కోసం ఒక నెల్లూరు జాతి పొట్టేలును కొన్నాను. మేపిన రైతు దగ్గరే తూకం వేయించి తెచ్చాం. ప్రాణంతో 32 కిలోలు. తల, కాళ్లు, తోలు, లోపలి భాగాలు తీశాక 15.1 కిలోలు, అంటే 47 శాతం. ఒక రోజు చల్లదనంలో ఉంచాక 14.7. తగ్గిన 400 గ్రాములూ ఆవిరైన నీరే.

విడగొట్టాక తూకాలు:

- వెనక తొడలు రెండూ: 4.9 కిలోలు
- ముందు జబ్బలు రెండూ: 2.9
- వెన్ను, పక్కటెముకలు: 4.0
- మెడ: 1.1
- రొమ్ము, పొట్ట భాగం: 1.6
- తరుగు: 0.2

అసలు తెలుసుకోవాలనుకున్నది మెత్తదనం గురించి. మన దగ్గర తెల్లవారుజామున కోసిన మాంసం మధ్యాహ్నానికల్లా కూరవుతుంది. కోసిన కొన్ని గంటలకే కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది. ఆ బిగువు సడలక ముందే పొయ్యి మీద పెడుతున్నామన్నమాట. అందుకే బొప్పాయి కాయ, పెరుగు, కుక్కరు విజిల్స్ అన్నీ అవసరమవుతున్నాయి.

మొదటి పరీక్షలో ఒక తొడను కోసిన వెంటనే 3 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు వండితే అదే రోజు వండిన ముక్కకన్నా గట్టిగా వచ్చింది. చల్లదనం మంచిదే గానీ, కండరంలో ఇంకా శక్తి ఉండగానే 10 డిగ్రీల కిందికి దించితే అది ముడుచుకుపోయి, ఎంత ఉడికించినా పూర్తిగా సడలదు. మాంసం పీహెచ్ 7 దగ్గర మొదలై 5.6 దాకా దిగుతుంది. 6 కిందికి వచ్చాక చల్లబరిస్తే ఇలా ముడుచుకుపోదు.

మార్చిన పద్ధతి:

1. శుభ్రం చేసిన మాంసాన్ని ముక్కలు చేయకుండా, ఏసీ 16 డిగ్రీలకు పెట్టిన గదిలో కొక్కేనికి వేలాడదీయడం.
2. రెండు గంటలకోసారి తొడ కండలో చిన్న గాటు పెట్టి పీహెచ్ చూడడం. ఏడో గంటకు 5.9 వచ్చింది.
3. అప్పుడు 3 డిగ్రీల ఫ్రిజ్‌లోకి. మూత పెట్టకుండా, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా.
4. కోసిన 24 గంటల తర్వాత వండడం.

ఒకే సైజు ముక్కలు, ఒకే గిన్నె, మూత పెట్టి మామూలు మంట. అదే రోజు వండినది మెత్తబడడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఇలా ఒక రోజు ఉంచి వండినది 50 నిమిషాల్లో మెత్తబడింది, రసం కూడా ముక్కలోనే నిలిచింది. ఏసీ గది లేనివాళ్లు ఈ పని చలికాలంలో రాత్రిపూట తప్ప చేయొద్దు. వేసవి ఎండలో మాంసాన్ని బయట వేలాడదీస్తే మెత్తబడదు, కుళ్లుతుంది. మాంసం మీద శాస్త్రీయంగా చదువుకోవాలంటే హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది.

అప్పటి నుంచి నా కాలమ్‌లో మటన్ వంటకం రాస్తే "మాంసం ఎప్పుడు కోసినది" అన్న వరస ముందు పెడుతున్నాను. ఉడికే సమయం దాన్నిబట్టే రాస్తున్నాను.

బోటి శుభ్రం చేస్తుంటే మూడో దశకు పనికొచ్చే సంగతి చేతికి తగిలింది. నెమరేసే జంతువుకు కడుపు నాలుగు గదులు. మొదటిది పెద్ద సంచి, రెండోదానికి లోపల తేనెపట్టు గళ్లు, మూడోదానిలో పొరలు పొరలుగా ఆకులు. నాలుగోది లోపల నున్నగా, జిగటగా ఉంటుంది. పాలు తాగే గొర్రెపిల్లలో పాలను గడ్డ కట్టించే ఎంజైము ఊరేది ఈ నాలుగో గదిలోనే. పాత పద్ధతి రెన్నెట్ అక్కడిదే. మేత తినే పెద్ద పొట్టేలులో ఆ ఎంజైము దాదాపు ఉండదు, మాంసకృత్తుల్ని అరిగించేది ఎక్కువ ఉంటుంది. కాబట్టి దీంతో మంచి చీజ్ రాదు. పాలు తాగే పిల్లను అందుకోసం కోయను. నేను వాడుతున్నది బూజు జాతి సూక్ష్మజీవి నుంచి తీసే శాకాహార రెన్నెట్.

ఇక్కడే ఇంకోమాట రాయాలి. పాకలో పుట్టిన దున్న దూడ ఏమవుతుందన్నది పాల గురించి రాసేవాళ్లు ఎవరూ రాయరు. ఆడదూడకు దొరికే మేత దానికి దొరకదు. పాలు, పెరుగు, నెయ్యి తినే ప్రతి ఇంటికీ ఆ దూడతో లెక్క ఉంది. మా పిన్నిగారి పాకలో ఉన్న దున్న దూడకు కూడా ఆ ఒక్క చన్ను పాలు పూర్తిగా అందేలా ఒప్పందంలో రాసుకున్నాం.

ఇప్పటిదాకా ఖర్చు: ఎముకలు తీసే కత్తి 900, సానరాయి 750, కొక్కేలు, ట్రేలు 1,100, కోత తగలని చేతి తొడుగు, ఆప్రాన్ 650, పొట్టేలు 13,500. ఈ దశకు 16,900. మొత్తం 23,300 రూపాయలు. మాంసం మూడిళ్లు పంచుకున్నాం. వాళ్లిచ్చింది ఇందులో తీసేయలేదు.

మూడో దశ: చీజ్

చేయాలనుకున్నది చెడ్డార్ తరహా గట్టి చీజ్. పాడైనవి ముందు రాస్తాను.

*ప్యాకెట్ పాలు, 10 లీటర్లు.* గడ్డ కట్టలేదు, పలచటి పెరుగులా జారిపోయింది. ప్యాకెట్ పాలలో వెన్న బొట్లను సన్నగా చిదిపి కలిపేస్తే గడ్డకు బిగువు రాదు. పాలను ఎక్కువ వేడి మీద శుద్ధి చేసినా అంతే. ఇలాంటి పాలతో పనీర్ చేసుకోవచ్చు, చీజ్‌కు వద్దు.

*బాగా మరిగించిన పాక పాలు, 10 లీటర్లు.* పాలు పొంగే దాకా కాచడం మన ఇళ్లలో అలవాటు. అంత వేడికి పాలలోని ఇంకో రకం మాంసకృత్తులు గడ్డ కట్టే వాటికి అతుక్కుని రెన్నెట్‌ను పని చేయనివ్వవు. అలాగని పచ్చిపాలు వాడకూడదు. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు పశువుల నుంచి పచ్చిపాల ద్వారా మనకు వస్తాయి. మార్చింది: 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు నిలిపి, వెంటనే 32కి దించడం. పెద్ద గిన్నెలో నీళ్లు, అందులో పాల గిన్నె. మంట పాలకు నేరుగా తగలదు.

*రబ్బరు చీజ్, 20 లీటర్లు.* ఇది వివరంగా రాయాలి, ఉత్తరాల్లో వచ్చిన ప్రశ్న ఇదే కాబట్టి. ఆవు పాల కొలత ప్రకారం 10 లీటర్లకు 2.5 మిల్లీలీటర్ల రెన్నెట్, గడ్డ గట్టిగా కట్టడానికి కాస్త కాల్షియం క్లోరైడ్ వేశాను. చిన్న ప్లాస్టిక్ మూతను పాల మీద తేలేసి మెల్లగా తిప్పుతుంటే, గడ్డ కట్టడం మొదలైన క్షణం అది తిరగడం ఆగిపోతుంది. అది 12 నిమిషాలకు ఆగాలి. 7 నిమిషాలకే ఆగింది. గేదె పాలలో మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఎక్కువ, గడ్డ తొందరగా, గట్టిగా కడుతుంది. దాన్ని ఆవు పాల గడ్డలాగే 1 సెంటీమీటరు ముక్కలు కోసి, 40 డిగ్రీల దాకా వేడి చేస్తే లోపలి తేమంతా పోయి రబ్బరైంది. 20 లీటర్లకు 2.4 కిలోలే వచ్చింది. తురిమి వాడుకోవడానికి తప్ప పనికిరాలేదు.

గేదె పాలకు ఆవు పాల లెక్కలు కుదరవన్నది మన దేశంలో పాత పాఠమే. గేదె పాలను పొడి చేయడం సాధ్యం కాదని బయటి నిపుణులు అంటుంటే, గుజరాత్‌లో ఆణంద్ పాల సహకార సంఘం (అమూల్) ఇంజనీరు హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో ఆణంద్‌లో పాలపొడి ఫ్యాక్టరీ మొదలైంది. ఇటలీలో అసలైన మొజరెల్లా కూడా గేదె పాలదే.

మార్చినవి:

1. కాల్షియం క్లోరైడ్ పూర్తిగా మానేశాను.
2. రెన్నెట్ 10 లీటర్లకు 1.6 మిల్లీలీటర్లు. మూత 12 నిమిషాలకు ఆగింది. దానికి మూడు రెట్లు, అంటే 36 నిమిషాలకు కోత.
3. ముక్క 1.5 సెంటీమీటర్లు.
4. వేడి 38 డిగ్రీలు దాటనివ్వలేదు. అరగంట మీద మెల్లగా ఎక్కించాను.

*పులవని పాలు, 20 లీటర్లు.* తోడు వేశాక పీహెచ్ గంటగంటకూ దిగాలి. నాలుగు గంటలైనా 6.5 దగ్గరే నిలిచింది. తోడు పాతబడిందనుకుని కొత్త ప్యాకెట్ వేస్తే అదీ అంతే. పాకకు వెళ్లి అడిగితే తెలిసింది, ఒక గేదెకు పొదుగువాపు వచ్చి చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించారట. ఆ మందు పాలలోకి దిగి తోడులోని మేలు చేసే సూక్ష్మజీవుల్ని చంపేసింది. ఆ పాలు మనుషులు తాగడానికీ పనికిరావు. ఇది చీజ్ సమస్య కన్నా పెద్దది. పిల్లలకు రోజూ పట్టే పాలలో ఇది ఉంటే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగరు. మందు పెట్టె మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాసి ఉంటుంది. ఆ గడువు చదివి, ఆ గేదె పాలు అన్నాళ్లూ విడిగా పారబోయాలని పిన్నిగారితో మాట్లాడాను. ఆ రోజుల పాల ఖరీదు నేనే ఇస్తానన్నాను. రైతు ఒక్కడే ఆ నష్టం మోయాలంటే ఎవరూ నిజం చెప్పరు.

ఇంట్లో చేసుకునే సులువు పరీక్ష: ఒక్కో గేదె పాలు విడివిడిగా గ్లాసుడు కాచి, చల్లార్చి, ఒకే పెరుగుతో సమానంగా తోడు వేయండి. అన్నీ ఒకేచోట పెట్టండి. ఒక గ్లాసు మాత్రమే తోడుకోకపోతే ఆ గేదె గురించి అడగండి.

*నెయ్యి చెమట పట్టిన చీజ్, 20 లీటర్లు.* మే నెల, వంటిల్లు 37 డిగ్రీలు. అచ్చులో పెట్టి రాత్రంతా బరువు పెడితే పొద్దున్నే కింద ట్రేలో నూనె. ఆ వేడికి పాలవెన్న కరిగిపోతుంది, బరువు దాన్ని బయటికి నెట్టేస్తుంది. పీహెచ్ కూడా 4.9కి పడిపోయింది. కోస్తే సున్నంలా పొడిపొడిగా రాలింది, పులుపు. మార్చింది: గడ్డను చిదిపి ఉప్పు కలపడం పీహెచ్ 5.4 దగ్గరే, ఉప్పు గడ్డ బరువులో 2 శాతం, బరువు పెట్టేది 24 డిగ్రీల ఏసీ గదిలో. బరువు కోసం యంత్రం కొనలేదు. మొదటి గంట 5 లీటర్ల నీళ్ల డబ్బా, తర్వాత 20 లీటర్ల మంచినీళ్ల క్యాను. లీటరుకు కిలో, లెక్క సులువు.

ఈ మార్పులన్నీ కలిపి చేసిన 40 లీటర్లకు 5.8 కిలోల చీజ్ వచ్చింది. అంటే కిలోకు 6.9 లీటర్లు. ఆవు పాలైతే కిలోకు 10 లీటర్లు పడుతుంది.

*మాగబెట్టడం.* పాత ఫ్రిజ్‌కు బయటి నుంచి ఉష్ణోగ్రత కంట్రోలరు బిగించి 12 డిగ్రీల దగ్గర నిలిపాను. లోపల గిన్నెలో ఉప్పు నీళ్లు, తేమ చూసే చిన్న మీటరు. తేమ 85 శాతం దగ్గర ఉండాలి. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా మన గాలిలో తేమ లోపల బొట్లు కట్టి, చీజ్ మీద నల్ల బూజు లేచింది. ఉప్పు నీళ్లతో తుడిస్తే మూడు రోజులకు మళ్లీ వచ్చింది. మైనం పూస్తే అడుగున తడి చిక్కుకుంది. చివరికి పలచటి మల్లు గుడ్డ చుట్టి, కరిగించిన నెయ్యి రెండు పొరలు పట్టించాను. చెడ్డార్‌కు గుడ్డ చుట్టి పందికొవ్వు పూయడం ఇంగ్లండ్‌లో పాత పద్ధతి. కొవ్వు బదులు నెయ్యి. 12 డిగ్రీల దగ్గర నెయ్యి గడ్డకట్టే ఉంటుంది. బూజు గుడ్డ మీదే ఆగింది. మూడు నెలలకు తూకం 5.3 కిలోలు. కోస్తే తెల్లగా ఉంది, ఆవు పాలకు పసుపు ఛాయ ఇచ్చే పదార్థం గేదె పాలలో దాదాపు ఉండదు కాబట్టి. నోట్లో వేసుకుంటే ముందు ఉప్పు, తర్వాత కాచిన నెయ్యి వాసన, ఆఖర్న కొంచెం చురుకు.

కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు లోపల పెడితే నాలుగు గంటల దాకా 14 డిగ్రీలు దాటలేదు.

మిగిలిన తేట నీళ్లు పారబోయొద్దు. 20 లీటర్ల పాలకు 16 లీటర్ల పైనే వస్తుంది. ఉప్పు కలపక ముందు వచ్చినది తౌడులో కలిపి గేదెలకే పెడుతున్నాం. కొంత రొట్టెల పిండికి, కొంత మటన్ నానబెట్టడానికి. పొదుగువాపు నాటి తేట మాత్రం గోతిలోకే.

ఇప్పటిదాకా ఖర్చు: పాత ఫ్రిజ్ 4,500, కంట్రోలరు 1,100, అచ్చులు, గుడ్డలు 2,200, తోడు, రెన్నెట్ 2,600, పాక పాలు 110 లీటర్లు లీటరు 80 చొప్పున 8,800, ప్యాకెట్ పాలు 700. ఈ దశకు 19,900. మొత్తం 43,200 రూపాయలు.

నడుస్తున్న పని

వేసవి నెలల్లో మాగబెట్టే చీజ్ ఆపేశాను. ఏసీ, ఫ్రిజ్ కరెంటు బిల్లు పాల ఖరీదును దాటేస్తోంది. బదులుగా సూరత్ పనీర్ మీద పని చేస్తున్నాను. అది కూడా గేదె పాలదే, రెన్నెట్‌తో కట్టేదే, ఉప్పు వేసిన తేటలోనే నానుతుంది. మాగబెట్టనక్కర్లేదు, వేడి ఊళ్లో పుట్టిన పద్ధతి.

1. 63 డిగ్రీల శుద్ధి, 38కి దించి తోడు, అరగంట తర్వాత రెన్నెట్. ఎంత వేయాలన్నది మూత పరీక్షతోనే తేలుస్తున్నాను.
2. గడ్డను కోయకుండా పెద్ద గరిటెతో పొరలుగా తీసి, ఉప్పు చల్లుతూ చిన్న వెదురు బుట్టల్లోకి.
3. గంట తర్వాత బుట్టలోనే తిరగేయడం.
4. కారిన తేటలో ఉప్పు కలిపి, చల్లార్చి, అందులో ముంచి ఫ్రిజ్‌లో రాత్రంతా.

మొదటి విడతలో బుట్ట కళ్లు పెద్దవై గడ్డ జారిపోయింది. మేదరి ఆయనకు చూపించి, అరచేతిలో పట్టేంత సైజులో, దగ్గర అల్లికతో బుట్టలు చేయమని చెప్పి వచ్చాను. అవి ఈ వారం వస్తాయి. బుట్టలు మరిగే నీళ్లలో ఉడికించి ఎండబెట్టాకే పాలు తెస్తాను. ఆ పొద్దున పిన్నిగారిని అడగాల్సిన ప్రశ్న మాత్రం పాతదే.